స్కార్స్‌డేల్ డాక్టరుగారు, హెడ్‌మిస్ట్రెస్‌గారు, ఒక మందుచీటీ

కిందటి నెల ఒక మిత్రుల గృహప్రవేశానికి వెళ్ళాము. భోజనాలయ్యాక మాటలు ఎప్పటిలాగే బరువు దగ్గరికి వచ్చి ఆగాయి. ఒకాయన అన్నం మానేశానన్నారు, ఇంకొకాయన రాత్రి ఏడు దాటితే నీళ్ళు తప్ప ముట్టనన్నారు. ఆయన చేతిలో అప్పటికి రెండో బొబ్బట్టు వుంది. 1979లో ఈ దేశానికి వచ్చిన ఒక పెద్దావిడ ఇదంతా విని నవ్వారు. "ఇవేమీ మాకు కొత్త కాదు నాయనా. మేం వచ్చిన కొత్తలో స్కార్స్‌డేల్ డైటని ఒకటి వుండేది. పొద్దున్నే సగం గ్రేప్‌ఫ్రూటు, వెన్న రాయని టోస్టు ఒక ముక్క, పాలూ చక్కెరా లేని కాఫీ. పధ్నాలుగు రోజులు చెయ్యాలి. ఆ కాఫీ తాగలేక నేను నాలుగోరోజునే వదిలేశాను. ఆ డైటు రాసిన డాక్టర్ని ఆయన స్నేహితురాలే కాల్చి చంపింది, తెలుసా?" అన్నారు.

"మధ్యలో ఇంకో ఆవిడ వచ్చి వుంటుందిలెండి" అన్నారు రెండో బొబ్బట్టు ఆయన.

వచ్చిన మాట నిజమే. అందరూ నవ్వారు, కథ అక్కడితో అయిపోయింది, కిళ్ళీల పళ్ళెం వచ్చింది.

మాకు మాత్రం అయిపోలేదు. ఆ విచారణ జరిగేనాటికి మేము పుట్టనే లేదు గనక తెలిసిందల్లా పుస్తకాల ద్వారానే. ఈ కేసు మీద డయానా ట్రిల్లింగ్ 1981లో ఒక పుస్తకం, షానా అలెగ్జాండర్ 1983లో ఇంకొకటి రాశారు. ముద్దాయి తానే 1986లో తన కథ రాసుకుంది. 1981లో ఒక టెలివిజన్ చిత్రం, 2005లో ఇంకొకటి వచ్చాయి. ఒక అసూయాపరురాలి కథ మీద ఇంత కాగితం ఖర్చవడానికి కారణమేమిటా అని చదవడం మొదలుపెట్టాము. మా వృత్తి వైద్యం కాబట్టి కాబోలు, అందరి చూపూ పిస్తోలు మీద వుంటే మా చూపు ఒక మందుచీటీ మీద ఆగిపోయింది.

ముందు కథ చెప్పాలి. హెర్మన్ టార్నోవర్ న్యూయార్కు నగరానికి ఉత్తరాన, వెస్ట్‌చెస్టర్ కౌంటీలో స్కార్స్‌డేల్ అనే సంపన్నుల వూరిలో గుండెజబ్బుల వైద్యుడు. పెళ్ళి చేసుకోలేదు. వేట, చేపలు పట్టడం, దేశాలు తిరగడం, పెద్దవాళ్ళని విందులకు పిలవడం ఆయన సరదాలు. రోగులకు ఇచ్చే పథ్యం కాగితాన్ని ఒక రచయిత సాయంతో పుస్తకం చేస్తే లక్షల ప్రతులు అమ్ముడుపోయి, ఆయన పేరు ఇంటింటికీ తెలిసింది. ఆ పుస్తకానికి సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పినచోట జీన్ హారిస్ అనే పేరు కూడా వుంది.

ఈ జీన్ హారిస్ 1923లో పుట్టింది. స్మిత్ కాలేజీలో ఆర్థికశాస్త్రం చదివి మంచి మార్కులతో 1945లో పట్టా పుచ్చుకుంది. పెళ్ళి, ఇద్దరు కొడుకులు, విడాకులు. 1966లో ఒక విందులో డాక్టరుగారితో పరిచయమైంది. మరుసటి యేడు ఆయన ఉంగరం ఇచ్చాడు, కొంతకాలానికి పెళ్ళి తన వల్ల కాదన్నాడు. ఆమె ఉంగరం వదులుకుంది గానీ మనిషిని వదులుకోలేకపోయింది. పెళ్ళి మాట లేకుండానే పధ్నాలుగేళ్ళ సంబంధం నడిచింది. 1977లో ఆమె వాషింగ్టన్ పొలిమేరలో, వర్జీనియాలోని మదీరా అనే పేరున్న ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్ అయింది. క్రమశిక్షణ విషయంలో ఎంత కచ్చితమంటే, పిల్లలు ఆమెకు "ఇంటెగ్రిటీ జీన్" అని పేరు పెట్టారు. నిజాయితీ జీనమ్మ అన్నమాట. ఈలోగా డాక్టరుగారికి తన క్లినిక్కులోనే పనిచేసే, వయసులో చాలా చిన్నదైన మరో ఆవిడతో సాన్నిహిత్యం పెరిగింది. ఒకరు వెళ్ళాక ఒకరు, ఒకే యింటికి రావడం, ఒకరి వస్తువులు మరొకరి కంట పడడం, ఇలా ఏళ్ళు గడిచాయి.

1980 మార్చి మొదటి వారంలో బడిలో గంజాయి గొడవ వచ్చింది. పై తరగతి పిల్లలు నలుగురిని హెడ్‌మిస్ట్రెస్‌గారు బడి నుంచి పంపేశారు. తల్లిదండ్రులు, పిల్లలు తిరగబడ్డారు. మార్చి 10న పొద్దున ఆమె డాక్టరుగారికి ఒక పొడవాటి ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపింది. ఆ సాయంకాలం కారెక్కి, అయిదు గంటలపాటు తానే నడుపుకుంటూ, వానలో ఆయన యింటికి చేరింది. చేతిసంచిలో .32 రివాల్వరు వుంది. ఒక్కసారి మాట్లాడి, ఆయన తోటలోని కొలను పక్కన తన ప్రాణం తానే తీసుకుందామని వచ్చానని ఆమె చెప్పింది. ఆయన నిద్రలో వున్నాడు, లేచి మాట్లాడడం ఇష్టం లేకపోయింది. స్నానాలగదిలో ఆ రెండో ఆవిడ బట్టలు కనిపించాయి, విసిరి కొట్టింది, ఆయన చెంప మీద కొట్టాడు, తాను తుపాకి తీసింది, ఆయన లాక్కోబోయాడు, పెనుగులాటలో పేలింది. ఇది ఆమె కథనం. డాక్టరుగారు ఆ రాత్రే పోయాడు. ఎనిమిది రోజులుంటే ఆయనకు 70 నిండేవి. ఆమెకు 56. పొద్దున వేసిన రిజిస్టరు ఉత్తరం అందుకోవడానికి ఆయన లేడు.

1980 నవంబరులో వైట్‌ప్లెయిన్స్ కోర్టులో విచారణ మొదలై 14 వారాలు నడిచింది. లోపల చోటు కోసం జనం చలిలో బారులు తీరారు. ఆమె తొడుక్కున్న కోటు రంగుతో సహా పత్రికలవాళ్ళు రాశారు. చంపినట్టు ఒప్పుకున్న మనిషి కేసులో ఇంకేముంటుంది అనుకోవచ్చు. తేల్చవలసిందల్లా ఆ క్షణంలో ఆమె మనసులో ఏముందన్నదే. అది తేల్చడానికి ముగ్గురు సాక్షులున్నారని చెప్పాలి: ఒక చెయ్యి, ఒక ఉత్తరం, ఆమె స్వయంగా.

చేతి సంగతి వైద్యులకు ఆసక్తి కలిగిస్తుంది. డాక్టరుగారి అరచేతిలోంచి ఒక గుండు దూసుకుపోయింది. అదే గుండు వెళ్ళి ఛాతీలో దిగిందని ప్రాసిక్యూషన్ వాదన. అలా అయితే ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రాణం కాపాడుకోబోయినట్టు, ఆమె గురిపెట్టి కాల్చినట్టు. రుజువేమిటంటే, ఛాతీ గాయంలో దొరికిన కణజాలపు పిసరంత ముక్కలు. అవి అరచేతి చర్మమేనని పోస్టుమార్టం చేసినవారన్నారు, కానేకావని డిఫెన్సు తెచ్చిన నిపుణులన్నారు. అరచేతి చర్మానికీ, అరికాలి చర్మానికీ ఒక ప్రత్యేకత వుంది. పైపొర బాగా మందం, వెంట్రుకల కుదుళ్ళు వుండవు. మెడికల్ కాలేజీ మొదటి సంవత్సరంలో హిస్టాలజీ ప్రాక్టికల్సులో ఆ స్లైడును చూసి గుర్తుపట్టడం మన డాక్టర్లందరూ చేసిన పనే. అది వస్తే మార్కులు వచ్చినట్టే అనుకునేవాళ్ళం, అంత తేలిక. ఆ తేలిక స్లైడు మీద నిపుణులు ఒకరినొకరు కాదంటూ రోజులు గడిపారు. ఒక మనిషి జీవితం ఆ గాజుపలక మీద ఆగింది. జ్యూరీలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. తమ గదిలో వాళ్ళు ఆ పెనుగులాటను తామే నటించి చూసుకున్నారట. ఆమె చెప్పినట్టు ఎలా నటించినా గాయాలు అక్కడ పడలేదు.

ఉత్తరం గురించి ఎక్కువ చెప్పం. కోర్టులో దాన్ని చదివారు. చదువుకున్న, మాట పొదుపుగా వాడే స్త్రీ అందులో రెండో ఆవిడను వీధిభాషలో తిట్టింది. డబ్బు లెక్కలున్నాయి, చిరిగిన బట్టల సంగతులున్నాయి, ప్రాధేయపడడముంది. బోనులో కూర్చుని, ఆ రాత్రి అసూయతో రాలేదని చెప్పిన మనిషి అదే రోజు పొద్దున రాసిన ఉత్తరమిది. ప్రాసిక్యూటరు అడగవలసిందేమీ మిగల్లేదు.

మూడోది ఆమె. న్యూయార్కు చట్టంలో ఒక వెసులుబాటు వుంది. చంపిన మనిషి ఆ సమయానికి తీవ్రమైన మానసిక క్షోభలో వున్నట్టు నిరూపించుకోగలిగితే హత్యానేరం తగ్గి, దాని కింది నేరం అవుతుంది, శిక్షా తగ్గుతుంది. నిరూపించవలసిన బరువు ముద్దాయిదే. అలా పెట్టడం న్యాయమేనని 1977లో సుప్రీంకోర్టు కూడా అంది. జీన్ హారిస్ తరపున ఆ వాదన తేలేదు. ప్రమాదవశాత్తూ జరిగింది, అంతే. అయితే నిర్దోషి, లేకపోతే హంతకి అన్నట్టుగా తేల్చుకోవడానికి దిగారు. ఆమె మనస్థితి ఇదీ అని జ్యూరీకి చెప్పడానికి ఒక్క మానసిక వైద్యుడూ బోనెక్కలేదు. ఆ ఎంపికలో లాయరు పాలెంత, ఆమె పాలెంత అన్నది వేరే చర్చ. కానీ బోనులో ఆమె కూర్చున్న తీరు, ప్రశ్నలో వ్యాకరణం తప్పుంటే దిద్దాలన్నట్టు జవాబు చెప్పిన తీరు చదువుతుంటే, "నాకు మతి స్థిమితం లేదు" అనే మాట ఆ నోట ఎలా వస్తుంది అనిపిస్తుంది. హెడ్‌మిస్ట్రెస్‌గారు కదా. జైలుకైనా వెళ్ళవచ్చు గానీ పిచ్చిదనిపించుకోకూడదు. ఈ లెక్క మనకు తెలియనిది కాదు.

ఎనిమిది రోజులు చర్చించి 1981 ఫిబ్రవరి 24న జ్యూరీ సెకండ్ డిగ్రీ హత్య అని తేల్చింది. మార్చి 20న శిక్ష పడింది, తక్కువలో తక్కువ 15 ఏళ్ళు, ఎక్కువైతే జీవితాంతం. 1982లో పై కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

ఇప్పుడు మందుచీటీ సంగతి. జీన్ హారిస్‌కు డాక్టరుగారు ఏళ్ళ తరబడి మందులు రాసి ఇస్తూ వచ్చాడు. వాటిలో ఒకటి డెసాక్సిన్, అంటే మెథాంఫెటమిన్. సందులో అమ్మితే జైలు, షాపులో చీటీ మీద అమ్మితే వైద్యం, పదార్థం ఒకటే. 1950లలో, 60లలో ఇలాంటి మందులు నీరసానికీ, లావుకీ, దిగులుకీ ధారాళంగా రాసేవారు, అది ఆ కాలపు అలవాటు. కానీ 1971లో వీటిని కఠిన నియంత్రణ కిందకు తెచ్చారు. 1980 నాటికి ఏ కార్డియాలజిస్టుకూ ఈ సంగతి తెలియకపోవడమనేది లేదు. ఏళ్ళపాటు రోజూ వేసుకున్న మనిషికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుంది? మొదట అంతులేని అలసట. తరువాత గుంటలో పడ్డట్టు దిగులు, చావు ఆలోచనలు, చిన్నమాటకే భగ్గుమనడం. ఆ వారాంతంలో తన దగ్గర మందు అయిపోయిందని ఆమె చెప్పింది.

అంటే గంజాయికి నలుగురు పిల్లల్ని బడి నుంచి వెళ్ళగొట్టిన చేత్తోనే, ఆమె అంతకంటే బలమైనదాన్ని మంచినీళ్ళతో మింగుతోంది. అది మత్తని ఆమెకు తట్టి వుండదు. రాసినవాడు పెద్ద డాక్టరు, పైగా తనవాడు.

కోర్టులో మందు పేరు వినపడకపోలేదు. అది ఆగిపోతే బుర్ర ఏమవుతుందన్నది మాత్రం జ్యూరీకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పాలంటే క్షోభ వాదన ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే పరువు పోతుంది. రాసిన డాక్టరును అడుగుదామంటే ఆయనే హతుడు.

డాక్టరుగారిని చంపింది మాత్ర అనడం మా ఉద్దేశం కాదు. మందు ఆగిపోయిన వాళ్ళంతా అయిదు గంటలు కారు నడిపి తుపాకి పేల్చరు. ఆ తీర్పు తప్పనీ మేమనం. చేతి గాయం మమ్మల్ని ఇప్పటికీ వదలదు. మా ప్రశ్న వేరే. ఆమె కేసుకాగితం ఎక్కడుంది? ఆమెను కూర్చోబెట్టి, నిద్ర పడుతోందా, చావాలనిపిస్తోందా అని అడిగిన డాక్టరు ఎవరు? అడగవలసిన మనిషి, ఆమె ఏడుపుకు కారణమైన మనిషి ఒక్కరే అయ్యారు. ఏడిస్తే చీటీ వచ్చింది. సొంతవాళ్ళ జబ్బు వచ్చేసరికి డాక్టరు బుద్ధి మసకబారుతుందని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లోనే, తన మొదటి నియమావళిలోనే రాసిపెట్టుకుంది. రోగులతో శారీరక సంబంధం కూడదన్నది హిప్పోక్రటీసు ప్రమాణంలోనే వుంది. చదివిన పాఠమే.

జైల్లో జీన్ హారిస్ ఏం చేసిందో రెండు ముక్కలు చెప్పాలి. బెడ్‌ఫర్డ్ హిల్స్ ఆడవాళ్ళ జైలులో, ఖైదీ తల్లులు తమ పసిపిల్లలతో వుండడానికి 1901 నుంచీ ఒక శిశువిభాగం వుంది. అక్కడ తల్లులకు పిల్లల పెంపకం పాఠాలు చెప్పింది, వాళ్ళ గురించి పుస్తకాలు రాసింది. గుండెపోట్లు వచ్చాయి. చివరికి 1992 డిసెంబరు 29న, ఆమె బైపాస్ ఆపరేషనుకు సిద్ధమవుతుండగా గవర్నరు మారియో కూమో క్షమాభిక్ష పెట్టాడు. గుండె వైద్యుణ్ణి చంపిన మనిషి విడుదల వార్త గుండె ఆపరేషను ముందు వినవలసి వచ్చింది. 1993లో బయటికి వచ్చింది, 2012 డిసెంబరు 23న 89వ యేట పోయింది. హత్య చేశానని చివరిదాకా ఒప్పుకోలేదు.

ఈ వ్యాసం ఇక్కడితో ఆపవచ్చు. కానీ ఆ గృహప్రవేశం రోజునే ఇంకొకటి జరిగింది, అది చెప్పకపోతే పైన రాసిందంతా ఇతరుల మీద తీర్పులా వుంటుంది.

మన కూడికలలో డాక్టరు కనబడితే చాలు, వంటింటి గుమ్మం దగ్గరే ఒక క్లినిక్కు తెరుచుకుంటుంది. మోకాలు నొప్పి, గుండెల్లో మంట, పిల్లవాడి దగ్గు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చివుంటే వాళ్ళ బీపీ మాత్రలు. ఇన్సూరెన్సు లేని పెద్దవాళ్ళకు ఆ మాత్రం చేయకపోతే ఎలా? చేశాము, చేస్తాము. రెండేళ్ళ కిందట ఒక మిత్రుని భార్య, మేము వదినగారని పిలిచే ఆవిడ, పెరుగన్నం వడ్డిస్తూ, నిద్ర సరిగా పట్టడం లేదు, ఏమైనా రాసిస్తారా అన్నారు. రాసిచ్చాము. నిద్రమాత్ర, నెలకు సరిపడా. ఎందుకు పట్టడం లేదని అడగలేదు. ఆయన పక్కనే కూర్చుని వున్నారు, అడిగితే బాగుండదు. తరువాత ఇంకో రెండుసార్లు ఫోను చేశారు, ఫార్మసీకి చెప్పేశాము. రెండు నిమిషాల పని.

కిందటి శీతాకాలంలో ఆవిడ ఒకరాత్రి ఎమర్జెన్సీకి వెళ్ళవలసి వచ్చింది. ప్రాణానికేమీ కాలేదు. అక్కడి డాక్టరు రాష్ట్రం వారి మందుల రిజిస్టరు తెరిచి చూస్తే, నిద్రమాత్రలు రాసినవారు ముగ్గురు కనిపించారట. ముగ్గురివీ మన పేర్లే. ముగ్గురమూ ఒకే పాట్‌లక్కులో పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళం. ఒకరు రాస్తున్నట్టు ఒకరికి తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, మేమెవరమూ అడగలేదు. ముగ్గురి దగ్గరా కలిపి ఆవిడ పేరుతో ఒక్క కేసుకాగితం లేదు.

ఆ తరువాత గృహప్రవేశంలోనే ఆవిడను మళ్ళీ చూడడం. కిళ్ళీల పళ్ళెం తెచ్చింది ఆవిడే. అందరూ నవ్వుతున్నప్పుడు ఆవిడ నవ్వలేదు. వెళ్ళేటప్పుడు కారు దాకా వచ్చాము. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంటుంటే, ఆవిడే అందుకుని, "ఇప్పుడు నలభై మైళ్ళ అవతల ఒకావిడ దగ్గరికి వెళ్తున్నానండీ. మన వాళ్ళెవరూ వెళ్ళని చోటు. మొదటిసారి గంటసేపు కూర్చోబెట్టింది. మందు రాయలేదు, మళ్ళీ వారం రమ్మంది" అన్నారు.

ఆ డాక్టరు పేరేమిటని మేము అడగలేదు.